ఫాదర్ గారిని ఎప్పుడు పిలవాలి?

ఇటీవల మా దగ్గరి బంధువు ఒకాయనకు గుండె శస్త్రచికిత్స ఖాయమైంది. వయసు అరవై దాటింది. ఆదివారం దివ్యబలిపూజ ఏనాడూ మానరు, జపమాల చెప్పుకోనిదే నిద్రపోరు. ఆపరేషన్‌కు ముందే విచారణ గురువుగారిని, అంటే మా గుడి ఫాదర్ గారిని పిలిపించి అభ్యంగనం (జబ్బుపడినవారికి ఆశీర్వదించిన తైలం పూసి ప్రార్థించే సంస్కారం) ఇప్పిద్దామని నేను అన్నప్పుడు ఆయన కొడుకు ముఖం మారిపోయింది. "అప్పుడే అంత మాట ఎందుకు బాబాయ్, డాక్టర్లు బాగానే ఉందంటున్నారు కదా" అన్నాడు. కాసేపు ఆలోచించి కోడలు ఒక మధ్యేమార్గం చెప్పింది: ఫాదర్ గారు తెల్ల అంగీ వేసుకోకుండా, మామూలు బట్టలతో, ఊరికే పలకరించడానికి వచ్చినట్టు వచ్చి ఒక ప్రార్థన చెప్పి వెళ్తే చాలు, తైలం మాత్రం వద్దు.

ఆ ఇంట్లో విశ్వాసానికి కొరత లేదు. ఆ అబ్బాయి చిన్నతనంలో ఏళ్ల తరబడి పీఠం దగ్గర సేవ చేశాడు. ఆ కోడలు ఆదివారాలు పిల్లలకు సత్యోపదేశం చెబుతుంది. వ్యాధిగ్రస్తుల అభ్యంగనం చావుబతుకుల్లో ఉన్నవారికి మాత్రమే కాదని తరగతిలో చెప్పేది కూడా ఆమే. అయినా సొంత మామగారి మంచం దగ్గరికి వచ్చేసరికి ఆ పాఠం ఆమెకు అక్కరకు రాలేదు. దీన్ని తెలియనితనం అని పక్కన పెట్టేయలేము. తెలిసినవాళ్లు, భక్తి గలవాళ్లు ఈ ఒక్క దివ్యసంస్కారం ముందు ఎందుకు ఆగిపోతున్నారన్న ప్రశ్న అప్పటి నుంచి నన్ను పట్టుకుంది.

మిగిలిన సంస్కారాలతో మన వ్యవహారం ఇలా ఉండదు. బిడ్డ జ్ఞానస్నానానికి జ్ఞానతల్లి ఎవరు, జ్ఞానతండ్రి ఎవరు అని నెలల ముందు నుంచే ఇంట్లో చర్చ జరుగుతుంది. మొదటిసారి సత్ప్రసాదం, అంటే పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే రొట్టె, అందుకునే రోజుకు తెల్ల గౌను కుట్టిస్తాం. వివాహానికి గుడిలో చాటింపులు అయ్యేదాకా ఓపిక పడతాం. ఊళ్లో ఒక కుర్రవాడు గురువుగా అభిషేకం పొందితే ఊరంతా తనదే ఆ పండుగ అనుకుంటుంది. పాపసంకీర్తనానికి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, బద్ధకిస్తాం గాని భయపడం. అభ్యంగనం ఒక్కటే, ఎవరూ తమ నోటితో అడగనిది, ఇంటివాళ్లు దాటవేసేది, చివరికి రోగికి తెలివి తప్పిన తరవాత హడావుడిగా ఫోన్లు చేసి తెప్పించుకునేది అయింది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ సంస్కారం రోగిది. రోగి తన చెవులతో ప్రార్థన విని, తన నోటితో "ఆమెన్" అనగలిగే రోజుల్లో అది ఆయనకు అందాలి. తెలివి లేని స్థితిలో ఇవ్వడానికి కూడా శ్రీసభ (కతోలిక సంఘం) అనుమతించిందంటే అది దయ. ఆ దయను మనం పద్ధతిగా మార్చుకున్నాం. అలా మార్చుకుని, జబ్బుపడిన మనిషికి దక్కవలసినదాన్ని ఆయన్ను ప్రేమించే మనమే ఆయనకు దక్కకుండా చేస్తున్నాం.

ఈ భయం ఎక్కడిది

మన తాతల కాలం నుంచి ఇంతే కదా, ఇప్పుడు కొత్తగా ఏమిటి అనేవారు ఉన్నారు. నిజానికి పాతది చూడాలంటే ఇంకా వెనక్కు పోవాలి. బైబిల్లో యాకోబుగారి లేఖ 5వ అధ్యాయంలోని ఆ రెండు వచనాలు అందరికీ తెలిసినవే. అక్కడ సంఘ పెద్దలను పిలిపించేది రోగి. ఇంటి ముందు బంధువులు గుమిగూడి నిర్ణయించే సంగతి అందులో లేదు. రోగి అడుగుతాడు, పెద్దలు వస్తారు, ప్రార్థన చేస్తారు, తైలం పూస్తారు, ప్రభువు అతణ్ని లేపుతాడు, పాపాలుంటే క్షమాపణ దొరుకుతుంది. ఆ మాటల్లో ఎక్కడా చావు వాసన లేదు.

416లో మొదటి ఇన్నోసెంట్ పోపు ఇటలీలోని ఒక పీఠాధిపతికి (బిషప్‌కు) రాసిన ఉత్తరంలో, పీఠాధిపతి ఆశీర్వదించిన తైలాన్ని గురువులే కాక విశ్వాసులు కూడా తమకూ తమవాళ్లకూ జబ్బు చేసినప్పుడు వాడుకోవచ్చునని ఉంది. అంటే ఆ రోజుల్లో ఈ తైలం ఇంట్లో ఉండేది, దానికి ఎవరూ జడిసేవారు కాదు. ఎనిమిది, తొమ్మిది శతాబ్దాల నుంచి అది మరణశయ్య మీద చేసే ప్రాయశ్చిత్తంతో ముడిపడుతూ వచ్చింది. ఆ ముడి ఎంత బిగిసిందంటే, అభ్యంగనం పొంది ఆ తరవాత కోలుకున్నవాడు ఇక మాంసం ముట్టరాదనీ, భార్యతో కాపురం చేయరాదనీ, చెప్పుల్లేకుండా తిరగాలనీ మధ్యయుగపు ఐరోపాలో చాలామంది నమ్మేవారు. అది తప్పుడు నమ్మకమని పీఠాధిపతులు సభలు పెట్టి మరీ చెప్పవలసి వచ్చింది. బతికితే అన్ని కట్టుబాట్లు మోయాలంటే ఎవరు మాత్రం ముందుగా అడుగుతారు? ప్రాణం పోవడం ఖాయమయ్యేదాకా ఆగేవారు.

1551లో కతోలిక పీఠాధిపతుల ట్రెంట్ మహాసభ ఈ సంస్కారం గురించి తీర్మానం చేసినప్పటి ఒక సంగతి నన్ను ప్రతిసారీ ఆలోచనలో పడేస్తుంది. మొదటి ముసాయిదాలో ఇది చావు అంచున ఉన్నవారికి "మాత్రమే" ఇవ్వాలని ఉందట. చర్చలు జరిగి చివరకు ఆమోదించిన పాఠంలో ఆ మాట తీసేసి "ముఖ్యంగా" అని పెట్టారు. ఆ ఒక్క మార్పు వల్ల, అభ్యంగనాన్ని మరణానికే పరిమితం చేశారని ట్రెంట్ సభ మీద నింద వేసే వీలు లేకుండా పోయింది. కాని ఆచరణ మాత్రం కొట్టివేసిన ముసాయిదా ప్రకారమే నడిచింది. 19వ శతాబ్దంలో విశాఖపట్నానికి వచ్చిన ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు, హైదరాబాదుకు వచ్చిన మిలాను గురువులు, నెల్లూరు గుంటూరు సీమలకు వచ్చిన మిల్‌హిల్ గురువులు మనకు తెచ్చినది ఆ ఆచరణనే. అందులో వారి తప్పేమీ లేదు, వారు నేర్చుకున్నదే అది. పైగా ఒక్కొక్క గురువుకు పదుల ఊళ్లు. కబురు అంది, బండి కట్టుకుని బయలుదేరి, వాగులు దాటి వచ్చేసరికి రోగి చివరి ఊపిరి మీద ఉండేవాడంటే ఆశ్చర్యం లేదు. ఫాదర్ గారు రావడమూ ప్రాణం పోవడమూ ఒకే రోజున జరగడం తరతరాలుగా చూసిన కళ్లు, ఒకటి రెండో దానికి గుర్తు అనుకోవడం సహజం.

రెండవ వాటికన్ మహాసభ 1963లోనే, ఇది ప్రాణాపాయపు చివరి ఘడియల్లో ఉన్నవారికి మాత్రమే చెందిన సంస్కారం కాదనీ, జబ్బు వల్ల గాని ముసలితనం వల్ల గాని అపాయం మొదలవుతున్నప్పుడే దానికి తగిన సమయం వచ్చినట్టనీ స్పష్టంగా చెప్పింది. 1972లో ఆరవ పౌలు పోపు ఈ సంస్కారం జరిపే క్రమాన్నే మార్చారు. అంతకు ముందు కళ్లు, చెవులు, ముక్కు, నోరు, చేతులు, పాదాలు ఒక్కొక్కటిగా తైలంతో అంటి, ఆ ఇంద్రియంతో చేసిన పాపానికి మన్నింపు వేడుకునేవారు. ఇప్పుడు నుదుటి మీద, అరచేతుల మీద అంటుతారు. ప్రభువు పవిత్రాత్మ వరప్రసాదంతో నీకు తోడ్పడాలి, నిన్ను రక్షించి లేపాలి అన్నది ఇప్పటి ప్రార్థన సారం. ఒలీవ నూనె దొరకని దేశాల్లో చెట్ల నుంచి వచ్చే మరే నూనె అయినా ఆశీర్వదించి వాడవచ్చునని కూడా ఆయన అనుమతించారు. మన నువ్వుల నూనె, కొబ్బరి నూనె అందుకు పనికివస్తాయి. ఆ క్రమం పుస్తకం ముందుమాటలోనే ఈ సంస్కారాన్ని వాయిదా వేసే దురలవాటును విశ్వాసులు మానుకోవాలని ఉంది. యాభై ఏళ్లు దాటినా ఆ వాక్యం మన ఇళ్లలోకి ఇంకా రాలేదు.

రోగికి తెలియకూడదంటాం

"ఆయన భయపడతాడు" అనే మాటను నేను తేలికగా తీసుకోను. గుండె జబ్బు మనిషికి ఆందోళన మంచిది కాదన్నది నిజం. తన జబ్బు సంగతి పూర్తిగా తెలుసుకోవాలని లేని రోగులు కూడా ఉంటారు, వారి మనసును గౌరవించాలి. కాని మన ఇళ్లలో జరుగుతున్నది అది కాదు. డాక్టరు రోగితో మాట్లాడడం మానేసి కొడుకును వరండాలోకి పిలుస్తారు. స్కానింగ్ రిపోర్టు కవరు కోడలి సంచిలో ఉంటుంది. రోగికి గ్యాస్ అనో అల్సరు అనో చెబుతారు. నీకు తెలుసుకోవాలని ఉందా అని ఆయన్ను ఒక్కరూ అడగరు. అభ్యంగనం వాయిదా పడడానికి కారణం దైవశాస్త్రంలో లేదు, ఈ దాపరికంలో ఉంది. తైలపు బుడ్డి తీస్తే రిపోర్టు బయటపడుతుందని మన భయం.

నాకు వరసకు పెద్దమ్మ అయ్యే ఒకామెకు కాన్సర్ వచ్చింది. ఇంటిల్లిపాదీ ఆమె దగ్గర దాచారు. వారం వారం ఇంటికి వచ్చి సత్ప్రసాదం ఇచ్చే సిస్టర్ గారితో ఆమె ఒకనాడు గొంతు తగ్గించి అన్నదట: "నాకు తెలుసమ్మా. నాకు తెలుసన్న సంగతి వాళ్లకు మాత్రం చెప్పకండి, తట్టుకోలేరు." అంటే ఆ ఇంట్లో అందరికీ నిజం తెలుసు, అందరూ తెలియనట్టు మెలిగారు, ఒకరి మీద ఒకరికి ఉన్న ప్రేమతోనే ఎవరి గదిలో వారు ఒంటరిగా ఏడ్చారు. పొలం గట్టు తగాదాలో తోబుట్టువుతో ఆమెకు చాలా ఏళ్లుగా మాటలు లేవు. ఆ మాట ఎత్తడానికి కూడా వీలు లేకపోయింది, ఎందుకంటే ఎత్తితే ఇప్పుడే ఎందుకు అన్న ప్రశ్న వస్తుంది. ఆమెకు అభ్యంగనం వెంటిలేటర్ మీద అందింది. ఐసీయూలో ఇచ్చిన ఐదు నిమిషాల్లో, సూదులకు అంటించిన ప్లాస్టర్ల మధ్య అరచేతిలో ఖాళీ చోటు వెతుక్కుని గురువుగారు తైలం పూశారు. ఆయన చేయగలిగింది ఆయన పూర్తిగా చేశారు. ఆమె చేయగలిగి ఉండే పాపసంకీర్తనం, ఆమె అందుకోగలిగి ఉండే సత్ప్రసాదం, ఆ తోబుట్టువుతో ఒక్క మాట, ఇవి మాత్రం జరగలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి, వచ్చింది కూడా. దివ్యసంస్కారం దేవుని కార్యమే గాని మనిషి తెలివితేటల మీద ఆధారపడింది కాదు కదా, నెలల పసిబిడ్డకు జ్ఞానస్నానం ఇస్తున్నాం కదా, అలాంటప్పుడు తెలివి తప్పిన పెద్దమ్మకు వరప్రసాదం అందలేదని నువ్వెలా అంటావని మా విచారణలోనే ఒక పెద్దాయన నన్ను నిలదీశారు. అందలేదని నేను అనను. తెలివిగా ఉంటే తానే కోరుకునేవారు అనుకోదగిన ప్రతి విశ్వాసికీ ఇవ్వవచ్చునన్నది శ్రీసభ న్యాయం. ప్రాణం ఉందో పోయిందో తెలియని అనుమానంలో కూడా ఇవ్వమనే ఆ న్యాయం చెబుతుంది. దేవుని దయకు మనం గిరి గీయలేము. కాని పసిబిడ్డ సంగతి వేరు. బిడ్డకు అడగడం ఇంకా రాదు. పెద్దమ్మకు అడగడం వచ్చు, అడిగే అవకాశం మనం ఇవ్వలేదు. పసిబిడ్డకు దేవుడు తానే ముందుగా వచ్చాడన్నది అక్కడి ఆనందం. ఇక్కడ వస్తున్న దేవునికి మనం మనిషి నిద్రపోయేదాకా తలుపు తీయలేదు. వరప్రసాదం ఇచ్చేది దేవుడే అయినా దాన్ని చేతులు చాచి అందుకోవడం మనిషికి దేవుడే ఇచ్చిన గౌరవం. ఏడు సంస్కారాల్లోనూ కంటికి కనిపించే నీళ్లు, నూనె, రొట్టె, ద్రాక్షరసం, చేతి స్పర్శ, చెవిన పడే మాట ఉన్నది ఆ గౌరవం కోసమేనని నేను నమ్ముతాను. దేవుడు మన మనసులోకి నేరుగా రాగలిగి కూడా చర్మం మీదుగా వస్తున్నాడు. నుదుటి మీద ఆ చల్లదనం తెలియని స్థితి వచ్చేదాకా ఆగడం ఈ ఏర్పాటునే తోసిపుచ్చడం అవుతుంది.

ఇంకొక సంగతి చాలామందికి కొత్తగా తోస్తుంది. చనిపోబోయే క్రైస్తవునికి చివరి సంస్కారం అభ్యంగనం కాదు, సత్ప్రసాదం. ఈ లోకం నుంచి తండ్రి దగ్గరికి సాగే ప్రయాణానికి దారిబత్తెంగా ఇచ్చే సత్ప్రసాదమే చివరిదని శ్రీసభ సత్యోపదేశం చెబుతోంది. అందుకు మింగే శక్తి ఉండాలి, తెలివి ఉండాలి. అభ్యంగనాన్ని చివరికి నెట్టడం వల్ల నిజంగా చివరిది కావలసిన సత్ప్రసాదమే చాలామందికి అందకుండా పోతున్నది.

ఒకే మనిషి, రెండు తైలాలు

మన పల్లెల్లోనూ పట్టణాల్లోనూ కతోలిక కుటుంబాలు జబ్బు చేసినప్పుడు స్వస్థత కూటాలకు వెళ్లడం కొత్త సంగతి కాదు. అక్కడ ప్రార్థించి ఇచ్చిన నూనె సీసా తెచ్చుకుని, రాత్రిపూట మోకాళ్లకు, నుదుటికి రాసుకుంటారు. వెళ్లినవారిని నేను నిందించను. నొప్పితో ఉన్న మనిషి ఎక్కడ చేయి ఆసరాగా దొరుకుతుందో అక్కడికి పోతాడు. నన్ను బాధించేది వేరే ఉంది. ఆ సీసా నూనెను బతకడానికి గుర్తుగా చూసే మనిషే, పవిత్ర వారంలో పీఠాధిపతి గురువులందరి మధ్య ఆశీర్వదించి ప్రతి విచారణకూ పంపిన తైలాన్ని చావడానికి గుర్తుగా చూస్తున్నాడు. యాకోబుగారు చెప్పిన తైలం మన గుడిలోనే ఒక అలమరలో ఉంది. దాన్ని మనం చావుకని పక్కన పెట్టి, బతుకు కోసం బయట వెతుకుతున్నాం.

ఇది కూడా ఈనాటి గొడవ కాదు. 6వ శతాబ్దంలో, ఇప్పటి ఫ్రాన్సులోని ఆర్ల్ నగర పీఠాధిపతి పునీత సెజేరియస్ గారు తన ప్రసంగాల్లో, జబ్బు చేస్తే మంత్రగాళ్ల దగ్గరికి, చెట్ల దగ్గరికి, తాయెత్తుల కోసం పరుగెత్తడం మాని గుడికి రమ్మనీ, సత్ప్రసాదం తీసుకుని ఆశీర్వదించిన తైలం పూసుకోమనీ తన ప్రజలను వేడుకున్నారు. స్వస్థత కూటాలను నేను తాయెత్తులతో పోల్చడం లేదు, అక్కడ పిలిచేది ఏసు నామాన్నే. సెజేరియస్ గారి మాటలో నాకు ముఖ్యమైనది, రోగులు బయటికి పోతున్నప్పుడు ఆ పీఠాధిపతి వారిని తిట్టి ఊరుకోకుండా, మీకు ఇక్కడే ఉంది రండి అని తైలం చూపించడం. మన ప్రసంగాల్లో ఆ రెండో సగం తక్కువగా వినిపిస్తున్నది.

దీనికి విరుగుడుగా కొన్ని చోట్ల సామూహిక అభ్యంగనం పెడుతున్నారు. రెండవ జాన్ పాల్ పోపు 1992లో ప్రపంచ రోగుల దినాన్ని ఏర్పాటు చేసి అందుకు లూర్దుమాత పండుగ అయిన ఫిబ్రవరి 11ను ఎంచుకున్నారు. ఆ రోజు మన తెలుగువారికి గుణదల పండుగ. విజయవాడలో ఆ కొండ మీదికి మోకాళ్ల మీద ఎక్కేవారిలో, తలనీలాలు ఇచ్చేవారిలో, కొబ్బరికాయలతో వచ్చేవారిలో ఎందరు తమకో తమ ఇంటివాళ్లకో జబ్బు నయం కావాలని మొక్కుకున్నవారో లెక్కలేదు. క్రైస్తవులు కానివారు కూడా వేలల్లో వస్తారు. రోగుల దినమూ మరియతల్లి పండుగా ఇలా ఒక్క రోజున కలిసిన వరం మనకు ఉంది కాబట్టి విచారణల్లో ఆ వారం అభ్యంగనం పెట్టడం ఎంతో తగినది.

కాని అలాంటి ఒక పూజలో నేను చూసినది నాకు నచ్చలేదు. రోగులు ముందుకు రావచ్చునన్నారు. మొదట వృద్ధులు కదిలారు. తరవాత మధ్యవయసువారు, పరీక్షలు దగ్గర పడిన కాలేజీ పిల్లలు, చివరికి జలుబు కూడా లేని యువకులు వరసలో నిలబడ్డారు. ఆశీర్వాదం కోరుకోవడంలో తప్పు లేదు, దానికి వేరే ప్రార్థనలు ఉన్నాయి. అందరికీ ఇచ్చేస్తే భయం పోతుందన్నది ఒక వాదన. నా అనుభవంలో భయం పోలేదు, అర్థం పోయింది. అదే గుంపులో తైలం పొందిన కుటుంబాలు ఇంట్లో నిజమైన జబ్బు వచ్చినప్పుడు మళ్లీ పాత పద్ధతిలోనే చివరిదాకా ఆగాయి. డయాలసిస్ మీద ఉన్నవారు, కాన్సర్ చికిత్సలో ఉన్నవారు, పెద్ద ఆపరేషన్‌కు వెళ్లేవారు, వయసు మీద పడి బలం తగ్గినవారు, ఊహ తెలిసిన వయసులో తీవ్రంగా జబ్బుపడిన పిల్లలు: వీరి పేర్లు ముందుగా రాయించుకుని, ఇళ్లకు వెళ్లి మాట్లాడి, ఆ తరవాత గుడికి తీసుకురావడం ఎక్కువ పని. సంస్కారం అడిగేది ఆ పనినే.

గురువు ఒక్కరే ఇవ్వాలా

ఈ వ్యాసంలో నేను పూర్తిగా సమాధానపడలేకపోయిన చోటు ఇది. అభ్యంగనం గురువులు, పీఠాధిపతులు మాత్రమే ఇవ్వగలరు. 2005లో రోము ఆ సంగతిని మళ్లీ గట్టిగా చెప్పింది. డీకన్లు (గురువుల కింది అంతస్తు సేవకులు) గాని, ఉపదేశులు గాని, సిస్టర్లు గాని ఇవ్వలేరు. ఈ సంస్కారంలో పాపక్షమాపణ ఉంది కాబట్టి అది గురుత్వంతో ముడిపడిందన్న కారణం నాకు అర్థమవుతుంది. అయినా రాత్రంతా రోగి పక్కన కూర్చుని, తడిగుడ్డతో పెదవులు తుడిచి, చేయి పట్టుకుని జపమాల చెప్పిన సిస్టర్ గారు ఆ ఒక్క క్షణంలో పక్కకు జరిగి నిలబడడం చూసినప్పుడు మనసు కలుక్కుమంటుంది.

గుంటూరు గురించి తలచినప్పుడు ఇది ఇంకా ఎక్కువగా అనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో వైద్యం చదువుకుని 1920లో గుంటూరుకు వచ్చి జే.ఎం.జే. అనే కన్యస్త్రీల సభలో చేరిన డాక్టరు సిస్టర్ మేరీ గ్లోరీ గారు, కన్యస్త్రీగా ఉంటూనే వైద్యం చేయడానికి పోపుగారి ప్రత్యేక అనుమతి పొందారు. ఆ రోజుల్లో అది ఎక్కడా వినని సంగతి. ఆమె చేతుల్లో ఒక చిన్న మందుల గది సెయింట్ జోసెఫ్ ఆసుపత్రిగా పెరిగింది. 1943లో ఆమె మొదలుపెట్టిన కతోలిక ఆసుపత్రుల సంఘం ఇప్పుడు దేశమంతటా ఉంది. 1957లో ఆమె కాన్సర్‌తో కన్నుమూశారు. ఆమెను పునీతురాలిగా ప్రకటించాలన్న అభ్యర్థన రోముకు వెళ్లింది. అన్ని వేలమంది రోగులను ముట్టుకున్న ఆ చేతులకు మందు రాయడానికి అనుమతి ఉంది, తైలం అంటడానికి లేదు. నియమాన్ని నేను ధిక్కరించడం లేదు. నియమం అలా ఉన్నప్పుడు గురువుల మీద పడే బాధ్యత ఎంత పెద్దదో చెబుతున్నాను. వేరెవరూ చేయలేని పని ఒకటి ఉన్నప్పుడు, అది వారి దినచర్యలో అన్నిటికంటే ముందు ఉండాలి. ప్రహరీ గోడ కట్టించడం పెద్దలు చూసుకోగలరు, స్కూలు లెక్కలు మరొకరు చూడగలరు, జూబిలీ పందిరి యువకులు వేయించగలరు. మంచం పట్టిన మనిషి దగ్గరికి తైలంతో వెళ్లడం మాత్రం గురువుగారు ఒక్కరే చేయగలరు. ఒక విచారణ కింద పది పన్నెండు ఊళ్లు ఉన్న చోట అది ఎంత కష్టమో నాకు తెలుసు. కష్టం కాబట్టే ముందుగా పిలవాలి. అర్ధరాత్రి ఫోను చేసి నలభై కిలోమీటర్లు రమ్మనే బదులు, నెల ముందు చెబితే ఆయన ఆ ఊరి పూజకు వచ్చిన రోజునే ఇంటికి రాగలరు.

కోవిడ్ రోజుల్లో ఈ సంగతి మనకు చాలా చేదుగా తెలిసింది. 2021 ఏప్రిల్, మే నెలల్లో గురువును పిలిచే వీలే లేకుండా ఎందరో వెళ్లిపోయారు. అంతకు ముందే, 2020 మార్చిలో రోము, సంస్కారాలు అందని రోగులు ప్రార్థన ద్వారానే పొందగల పరిపూర్ణ పాపఫల పరిహారాన్ని (క్షమించిన పాపాలకు మిగిలిన శిక్ష తొలగింపును) ప్రకటించి, అలాంటి మరణంలో శ్రీసభ ప్రార్థనే వారికి తోడని చెప్పింది. ఆ మాట ఎన్నో కుటుంబాలకు ఊరట. కాని అప్పటి వరకు నెలల తరబడి గుండె జబ్బుతో, షుగరుతో, ఆయాసంతో ఇంట్లోనే ఉన్న వృద్ధుల్లో ఎంతమందికి అంతకు ముందే అభ్యంగనం అంది ఉండవలసింది! అపాయం తలుపు తట్టి చాలా కాలమై కూడా, ఇంకా సమయం రాలేదనుకున్నాం.

నయం కాకపోతే

చివరిగా, లోపల ఎక్కడో అందరికీ ఉన్న సందేహం. ముందుగా అభ్యంగనం పొంది, నమ్మకంతో ప్రార్థించి, అయినా జబ్బు ముదిరితే? అప్పుడు సంస్కారం పనిచేయలేదని అనుకోవాలా? స్వస్థత కూటాల్లో ఈ ప్రశ్నకు, నీ విశ్వాసం చాలలేదు అన్న సమాధానం దొరకడం నేను విన్నాను. జబ్బు మనిషి మీద అంతకంటే బరువైన రాయి ఎవరూ పెట్టలేరు. శ్రీసభ అలా చెప్పదు. ఒంటికి ఆరోగ్యం కూడా రావచ్చునని, ఆత్మకు మేలు అయితే దేవుడు ఇస్తాడని ట్రెంట్ సభ రోజుల నుంచే చెబుతోంది. దానితో పాటు ధైర్యం, శాంతి, క్షమాపణ, తన బాధను క్రీస్తు బాధతో కలిపే శక్తి వస్తాయని చెబుతుంది. వీటిని రుజువు చేయమంటే నేను చేయలేను. చూసినది చెప్పగలను. మూత్రపిండాలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లే ఒక మాష్టారు, జబ్బు ముదిరిన ప్రతిసారీ అభ్యంగనం అడిగి పుచ్చుకునేవారు. జబ్బు తీవ్రమైతే మళ్లీ పొందవచ్చునన్నది చాలామందికి తెలియదు, ఆయనకు తెలుసు. ఆయన కోలుకోలేదు. కాని ఆ ఇంట్లో జబ్బు గురించి అందరూ గట్టిగా మాట్లాడుకునేవారు. మనవలు ఆయన పక్కన కూర్చుని ఎప్పుడు పోతావు తాతయ్యా అని అడగగలిగేవారు, ఆయన నవ్వి సమాధానం చెప్పగలిగేవారు. అప్పులెవరికి ఉన్నాయో, తన పుస్తకాలెవరికి ఇవ్వాలో, సమాధి మీద ఏ వచనం రాయించాలో ఆయనే చెప్పి వెళ్లారు. ఆఖరి వారం సత్ప్రసాదం ఒక చిన్న ముక్కగా, చెంచాడు నీళ్లతో ఇచ్చారు.

మొదట చెప్పిన బంధువు సంగతి అడుగుతారేమో. ఆపరేషన్ అయింది, కోలుకుంటున్నారు, అభ్యంగనం మాత్రం అందలేదు. ఆయన్ను ఇంకా ఎవరూ అడగలేదు. ఈ మధ్య మా విచారణ మండలి సమావేశంలో నేను రెండు విషయాలు కోరాను. ప్రతి వాడలో జబ్బుపడినవారి జాబితాను ఆ వాడ పెద్దలు నెలనెలా గురువుగారికి అందించాలి. పెద్ద ఆపరేషన్‌కు వెళ్లేవారు అడ్మిట్ అయ్యే ముందు వచ్చే ఆదివారమే, దివ్యబలిపూజ తరవాత, తమ కుటుంబంతో కలిసి అభ్యంగనం పొందే ఏర్పాటు ఉండాలి. రెండోదానికి వెంటనే ఒప్పుకున్నారు. మొదటిదాని మీద, ఇంటివాళ్లకు ఇష్టం లేకుండా పేరు ఎలా రాస్తాం అని ఒకరు లేచారు. ఇంటివాళ్లను కాదు, రోగినే అడిగి రాద్దామని నేను అన్నాను. చర్చ వచ్చే నెలకు వాయిదా పడింది.